రంగు అంటకూడని గడి

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం.

చి. ల. సౌ. ఇందుకు,

నీ బావ శ్రవణ్‌కుమార్ ఆశీర్వదించి రాయునది అని మొదలుపెట్టాలి. ఇవాళ ఆశీర్వదించే ముఖం నాకు లేదు కనుక నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మనుషుల వరకు అందరమూ క్షేమమే. అక్కడ బెనారస్‌లో చేనేత కాలేజీ హాస్టల్లో నువ్వూ, నీ గదిలోని పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

కవరు చూడగానే నీ గుండె ఝల్లుమని ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మనం పెట్టుకున్న నియమం నేను మరిచిపోలేదు. పోట్లాట ఏదైనా కాగితం మీదే, ఫోన్లో వద్దు. ఫోన్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే గెలుపు, మన ఇద్దరివీ పెద్ద గొంతులే. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వాలన్నది నువ్వు చేర్చిన షరతు. అందుకే రాస్తున్నాను. కథల పుస్తకం ఆఖరి పేజీ ముందు చదివే జబ్బు నీకుంది, ఈ ఒక్కసారికి ఆ పని చేయకు. కవరు మీద స్టాంపు ఎందుకు లేదని కూడా ఇప్పుడే అడగకు.

వారం నుంచి నీ ఫోన్ అమ్మే ఎత్తుతోందని నువ్వు గమనించే ఉంటావు. "షాపుల ఉన్నడు బిడ్డా", "తానం చేస్తుండు బిడ్డా" అని చెబుతోంది. ఈ వారంలో నేను చేసినట్టు చెప్పిన స్నానాలకు మన బిల్డింగు నల్లా నీళ్లు చాలవు. నిన్న నీతో "గుడికి పోయిండు" అన్నప్పుడు నేను ఆమె ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఫోన్ పెట్టేసి, "ఇగ నాతోని కాదు. రేపు నువ్వే మాట్లాడు," అంది. మాట్లాడితే నా గొంతు నిన్ను ఒక్క నిమిషం కూడా మోసం చేయలేదు. అదీ నా భయం.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు రాస్తాను. మొదటి ప్రశ్నను మాత్రం పక్కన పెడుతున్నాను. "నా చీర కొంగుల ఫోల్డర్ ఎప్పుడు పంపుతావు? నెలాఖరు పరీక్షకు జ్యూరీ ముందు పెట్టాలి. ల్యాప్‌టాప్ మీద నీ ప్రయోగాలు మొదలుపెట్టకముందే కాపీ తీయి," అని రాశావు. 'ముందే' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశావు. దానికి జవాబు చివర చెబుతాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. వనస్థలిపురంలో దవాఖానకు తీసుకెళ్లాను. మెట్లు ఎక్కొద్దన్నారు. రెండో అంతస్తులో కిరాయికి ఉన్నవాళ్లకు ఆ మాట చెప్పడం తేలిక. "గా డాక్టరమ్మనొచ్చి మనింట్లకు కూరగాయలు తెమ్మను," అని అమ్మ ఆటోలో తిట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు మార్కెట్‌కు నేనే పోతున్నాను.

"ఉన్న విండోస్‌కు ఏం రోగమొచ్చింది?" అని అడిగావు. రోగం కాదు, వయసు మీద పడింది. ఇక మీదట మరమ్మతులు అందవని తెర మీద తానే చెప్పుకుంటోంది. కొత్త విండోస్‌కు పోదామంటే మన యంత్రం దానికి సరిపోదట. ఇంటి వాడకానికి మాత్రం దాన్ని మించింది లేదని నేను ఇప్పటికీ అంటాను. ప్రింటర్ తగిలిస్తే పలుకుతుంది. నీ గ్రాఫ్ డిజైన్ల సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప నడవదు. అమ్మ తన భజనల వీడియోలు తానే వెతుక్కుంటుంది. ప్రోగ్రాం రాయడానికి కూర్చుంటేనే కష్టం. ఒకటి ఎక్కిస్తే ఇంకొకటి కుదరదు, ఆ రెండూ కుదిరేసరికి ఫ్యాను హోరెత్తుతుంది. విండోస్ లాంటిదే లైనక్స్ అని ఇంకొకటుంది, దాన్ని విండోస్ లోపలే నడిపే దారి ఉంది, అదీ చూశాను. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టినట్టు ఏదీ ఉడకలేదు. మన ల్యాప్‌టాప్‌కు అంత దమ్ము లేదు.

"మా గదిలో అందరి దగ్గరా మ్యాక్ ఉంది, మనమూ అదే కొంటే?" అన్నావు. చక్రపాణి గారి దగ్గర ఉంది, ముట్టుకుని చూశాను. ఆయన గుర్తున్నాడుగా, బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే తెనాలి ఆయన. మా షోరూమ్‌లో బిల్లు మొరాయించినప్పుడల్లా వచ్చేవాడు, నేను చీరలు మడతపెట్టడం ఆపేసి ఆయన భుజం మీదుగా చూస్తూ ప్రశ్నలతో ప్రాణం తీసి ప్రోగ్రాం రాయడం నేర్చుకునేవాణ్ణి. ఎల్బీనగర్ మెట్రో దగ్గర మిఠాయి షాపు పైన ఆయన ఆఫీసు. ఆయన మ్యాక్ పొద్దున ఛార్జింగ్ పెడితే సాయంత్రం దాకా నడుస్తుంది, ఫ్యాను చప్పుడే ఉండదు. ప్రోగ్రాం రాయడానికీ బాగుంది, సినిమా చూడడానికీ బాగుంది. కానీ దాంట్లో ఏదీ మనం విప్పి మార్చుకోలేం. అయినా నాలాంటి సేల్స్‌మన్ ఇంటికి అది ఇప్పుడే తగదు. నీకు ఉద్యోగం వచ్చాక నువ్వు కొనుక్కో, నేను తుడిచి పెడతాను.

లైనక్స్ సంగతికి చక్రపాణి గారి మాటలే రాస్తాను.

"మా పనంతా లైనక్స్ మీదేనండి, శ్రవణ్ గారూ. విండోస్‌లో చేయలేమని కాదు. మీరు ఇంట్లో ఒకదాని మీద రాసి, ఇక్కడ ఇంకోదాని మీద నడుపుతూ కూర్చుంటే ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవడానికే రోజు గడిచిపోద్దండి. సోమవారానికల్లా మీ ల్యాప్‌టాప్‌లో అది ఎక్కించుకుని వచ్చెయ్యండి. ఒక నెల చూస్తాను. బాగుంటే ఉండిపోండి."

ఇందూ, ఆ మాట విన్నాక నేను మెట్రో ఎక్కలేదు. ఎల్బీనగర్ నుంచి మన గల్లీ దాకా నడిచే వచ్చాను. నలభై దాటబోతున్నవాణ్ణి, ఇంటర్ తప్పినవాణ్ణి, "అక్కా ఇది చూడండి, ఈ కలర్ మీకు బాగుంటది" అంటూ బతుకుతున్నవాణ్ణి, నన్ను ఒకాయన ప్రోగ్రాం రాయడానికి రమ్మన్నాడు. మరునాడే షోరూమ్‌లో మానేస్తున్నానని చెప్పేశాను. నిన్ను అడగకుండా చెప్పాను. అది ఒక తప్పు. కానీ ఈ ఉత్తరం దాని కోసం కాదు.

ఈ పేజీ నుంచి నా అక్షరాలు వంకరగా ఉన్నాయి కదూ. అదీ చివర చెబుతాను.

నేను చేసిన పని ఇప్పుడు విను. విండోస్‌ను తీసేయకుండా, పక్కన లైనక్స్‌ను పెట్టాలనుకున్నాను. యంత్రం ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, నీకు నీది, నాకు నాది. ఎక్కించేటప్పుడు ఒక చోట డిస్కు మొత్తం గడులుగా కనిపిస్తుంది. ఒక గడిలో విండోస్, ఒక గడిలో నీ కొంగులు, మధ్యలో కొత్తదాని కోసం నేను చేసిన ఖాళీ. ప్రతి గడి ఎదురుగా టిక్కు పెట్టడానికి చిన్న చదరం ఉంది. పైన ఏదో మాట ఉంది. చదివాను కూడా.

చదివి కూడా నా చెయ్యి తన పని తాను చేసింది. నీకు నేను చెప్పాలా, మనిద్దరమూ పుట్టింది నేతకు ముందు పోగులకు చిటికి కట్టే ఇళ్లలోనే. పోగులు సాగదీసి పెడతాం. ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి కడతాం. తర్వాత ముంచుతాం. కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది, కట్టని చోటు రంగు తాగుతుంది. పలక పట్టకముందు ఈ చేతికి వచ్చిన విద్య అదే, గుర్తు పెట్టావంటే కాపాడావని అర్థం. విండోస్ గడికి టిక్కు పెట్టాను. నీ కొంగుల గడికి ఇంకొంచెం గట్టిగా నొక్కి పెట్టాను. ఖాళీ గడిని మాత్రం కొత్తదానికి అప్పగించాను.

పైన ఉన్న మాట 'ఫార్మాట్'. టిక్కు పెట్టినవన్నీ తుడిచేయమని దాని అర్థం.

అయినా లైనక్స్ నన్ను ఒకసారి ఆపింది. ఇవి ఇవి తుడిచేయబోతున్నాను, సరేనా అని అడిగింది. దాన్ని తప్పుపట్టలేను. ఇన్నేళ్లుగా నాకొక చెడ్డ అలవాటు పట్టుకుంది. విండోస్‌లో ఏ హెచ్చరిక వచ్చినా చదవకుండా ఓకే నొక్కేవాణ్ణి, ఏమీ అయ్యేది కాదు. ఇక్కడా అలాగే నొక్కాను.

ఆ తర్వాత ఏం జరిగిందో రాయాలంటే సిగ్గేస్తోంది. కొత్త తెర వచ్చింది. ఫ్యాను చప్పుడు లేదు. చక్రపాణి గారు ఇచ్చిన ప్రోగ్రాం ఒక్క పిలుపుకే పలికింది. ఆనందం పట్టలేక అమ్మను పిలిచాను.

"అమ్మా, జర ఇటు రా. ఇందు బొమ్మలు గిండ్ల ఎట్ల మెరుస్తయో చూపిస్త."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ జరుపుకుని కూర్చుంది. నేను నీ గడి తెరిచాను. ఖాళీ. ఇంకోసారి తెరిచాను. ఖాళీయే. అమ్మ తెర వైపు చూస్తూనే ఉంది, ఇంకా వస్తాయేమోనని.

"ఏందిరా, ఏం కనబడ్తలేదు?"

"ఆగు అమ్మా, వస్తది."

"మొఖమేందిరా గట్లయింది?"

అప్పుడు అర్థమైంది. ఇందూ, నాకు చచ్చేంత భయమేసింది. నాన్న పోయిన రోజు కూడా అంత భయపడలేదు.

ఆ ఫోల్డర్‌లో ఏముందో నాకు తెలియదనుకోకు. నువ్వు బస్సులెక్కి ఊరూరూ తిరిగి, ముసలమ్మల పెట్టెలు తెరిపించి, వాకిట్లో నులక మంచం మీద చీరలు పరిపించి తీసిన ఫొటోలు. ఒక్కో కొంగుకూ నువ్వు చదరం చదరం లెక్కగట్టి గీసిన గ్రాఫులు. ఆ చీరల్లో సగం ఇప్పుడు లేవు. కొన్ని బొంతలయ్యాయి, కొన్ని స్టీలు సామాన్లవాళ్లకు పోయాయి. రాములమ్మ పెద్దమ్మ పోయినప్పుడు ఆమె చీరను ఆమె మీద కప్పే పంపించారు. నువ్వు తీసిన ఫొటోలో తప్ప ఆ కొంగు ఇంకెక్కడా లేదు. కాపీ తీయమని నువ్వు రాశావు. చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు, పెద్దది కొనడానికి బద్ధకించాను. నీ గడి జోలికి పోను కదా, కాపీ దేనికి అనుకున్నాను.

నీ మొదటి ప్రశ్నకు ఇదీ నా జవాబు. పంపడానికి నా దగ్గర ఏమీ లేదు.

మిగిలింది కూడా చదువు. అప్పటికప్పుడు చక్రపాణి గారి దగ్గరికి పరిగెత్తాను. విని ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అయ్యయ్యో, ఎంత పని చేశారండీ! ముందు దాన్ని ఆపెయ్యండి. మళ్లీ ఆన్ చేయొద్దు. ఆన్ చేసిన ప్రతిసారీ లోపల ఏదో ఒకటి రాసుకుంటానే ఉంటదది. తుడిచామంటే పైన అట్ట చింపామంతేనండి, లోపల కాయితాలు ఇంకా ఉండొచ్చు. వాటి మీద కొత్తవి పడితే మాత్రం ఇక దేవుడు కూడా తియ్యలేడు."

"తీస్తే అన్నీ వస్తాయా సార్?"

"చెప్పలేనండి. కొన్ని సగం సగం వస్తాయి. పేర్లు మాత్రం రావు. ఏ ఊరు, ఎవరి చీర అని మీ ఆవిడ ఫైలుకు పేరు పెట్టి ఉంటారు చూడండి, అవన్నీ పోతాయి. అంకెలే వస్తాయి."

తర్వాత ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నా మంచికే అన్నాడు.

"ఓ పని చేయండి. ఆ డిస్కు ఊడదీసి దాచేయండి. కొత్తది వేయిస్తాను, సోమవారం వచ్చేయండి. మీ ఆవిడకి నిదానంగా చెప్పుకోవచ్చు. ల్యాప్‌టాప్ దానంతటదే పాడైందన్నా నమ్ముతారు. ఈ సోమవారం దాటితే మాత్రం ఇంకొకాయన ఉన్నాడండి, ఆయన్ని తీసుకోవాల్సి వస్తది."

నమ్ముతావు. అదే నన్ను తినేసింది. యంత్రం చచ్చిపోయింది ఇందూ అంటే, నువ్వు నన్నే ఓదార్చి ఉండేదానివి. రెండు రోజులు ఆ మాట నా నోట్లో పెట్టుకుని తిరిగాను. అద్దం ముందు నిలబడి ఒకసారి పైకి అనుకుని కూడా చూశాను. బాగానే వచ్చింది.

అది అమ్మ విన్నది. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మల్లా ఒక్కపారి అను," అంది.

అద్దం ముందు నుంచి పక్కకు జరిగాను.

"నీ కోడలికి నేనెట్ల చెప్పాలె అమ్మా? దాని పరీక్ష పోతది."

"నా కోడలా? నీకేం కాదా అది?" అంది. దగ్గరకొచ్చి, "కట్టిన చిటికి మనింట్ల ముందుగాల ఎవరిప్పుతరు?" అని అడిగింది.

"గీత గీసినోళ్లు."

"మరి గీతలు గీసిందెవలు? నువ్వా? గా చక్రపాణా?"

రంగులోంచి తీసి ఆరబెట్టిన పోగులకు మొదటి ముడి డిజైన్ గీసినవాళ్లే విప్పాలని నాన్న ఉన్నప్పుడు ఎంత పట్టింపు. ఎవరైనా తొందరపడి విప్పితే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. విప్పేదాకా లోపల బొమ్మ నిలిచిందో చెదిరిందో ఎవరికీ తెలియదు కనుక, మంచీ చెడూ ముందు వాళ్ల కళ్లే చూడాలనేవాడు.

అమ్మ నన్ను మూసారాంబాగ్ పంపించి సైకిల్ షాపులో పాత ట్యూబు తెప్పించింది. పట్టీలుగా కోసింది. ల్యాప్‌టాప్‌ను నా కాటన్ పంచెలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పట్టీ కొసను పళ్లతో లాగి బిగించి కట్టింది. నాలుగు దిక్కులా కట్టింది. ఆ మోకాళ్లతో నేల మీద కూర్చుని కట్టింది. కట్టడం అయ్యాక, "ఇగ దీనికేం అంటదు," అని నా చేతికిచ్చింది.

చక్రపాణి గారికి ఫోన్ చేసి సోమవారం రాలేనని చెప్పాను. "ఆలోచించుకోండి శ్రవణ్ గారూ," అన్నాడు. ఆలోచించుకున్నానని చెప్పాను. పోయిన ఫొటోలను వెతికి తీసే పద్ధతి ఆయనే ఓపికగా చెప్పాడు, రాసుకున్నాను. బయటికి వచ్చినవి పెట్టడానికి కొత్త డిస్కు కూడా కొన్నాను. ఈసారి బద్ధకించలేదు.

ఇప్పుడు అక్షరాల సంగతి. ఈ ఉత్తరం మన ఇంట్లో మొదలుపెట్టాను, మూడో పేజీ నుంచి రైల్లో రాస్తున్నాను. ల్యాప్‌టాప్ నా ఒళ్లోనే ఉంది, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఎదుటి సీటు పెద్దాయన ఇందాకటి నుంచి ఈ మూటనూ ట్యూబు పట్టీలనూ చూస్తూ, ఇందులో ఏముందని హిందీలో అడిగాడు. మా ఆవిడవి చీరలు అని చెప్పాను.

స్టాంపు ఎందుకు లేదో నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఈ కవరు మీ హాస్టల్ వాచ్‌మన్ చేతికి నేనే ఇస్తున్నాను. నువ్వు చదువుతున్నంతసేపూ గేటు బయటే ఉంటాను.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, ఆ సంగతి నాకు తెలుసు కనుక అడగడం మర్యాద కాదు. నీకు నా మొహం చూడబుద్ధి కాకపోతే, మూట మాత్రం తీసుకుని మీ కాలేజీలో ఈ పని తెలిసినవాళ్లకు ఇవ్వు. పద్ధతి రాసిన కాగితం లోపల ఉంది. రమ్మంటే పక్కన కూర్చుంటాను. పేరు లేని కొంగులు ఒక్కొక్కటే పైకి వస్తుంటే ఇది ఫలానా ఊరిది, ఇది ఫలానా ఆమెది అని నువ్వు చెబుతూ ఉండు, నేను రాస్తూ ఉంటాను. ఎన్ని వస్తాయో తెలియదు. రాములమ్మ పెద్దమ్మది వస్తుందో రాదో తెలియదు. ఏమీ రాకపోతే నీ జ్యూరీ వాళ్ల ముందు నిలబడి ఇది నా చేతి పని అని నేనే చెబుతాను.

మన నియమం ప్రకారం జవాబు కాగితం మీదే ఇవ్వాలి. ఒక్క మాట చాలు. 'పో' అని అయినా సరే, 'రా' అని అయినా సరే, రాసి వాచ్‌మన్‌తో పంపు. వచ్చేటప్పుడు మాత్రం ఒక బ్లేడు తెచ్చుకో. అమ్మ కట్టిన కట్టు చేతులతో ఊడదు. నేను ముట్టుకోలేదు, మొదటి ముడి నీది.

ఇట్లు,
గేటు బయట నిలబడ్డ నీ మేనత్త కొడుకు,
నీ బావ
శ్రవణ్‌కుమార్